ఎత్తులో దడ సరే, మెట్ల మీద ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. వాయుసేనలో ఫైటర్ పైలట్. ఈ మధ్య ఒకసారి గాల్లో ఉండగా ఆక్సిజన్ వార్నింగ్ వచ్చిందట. వేళ్లు తిమ్మిరెక్కి, గుండె గట్టిగా కొట్టుకుందని, విమానం కిందికి తెచ్చేసరికి సర్దుకుందని చెప్పాడు. ఆ తర్వాత ఇంట్లో ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు దడ వస్తోంది. మొన్న మెట్లెక్కుతూ కళ్లు తిరిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాడు. జలుబు తరచూ చేస్తుంది, మందుల షాపులో ఏదో మాత్ర తెచ్చుకుని వేసుకుంటాడు. యూనిట్ డాక్టర్‌కి చెబితే ఎగరనివ్వరని భయం. తక్కువ ఆక్సిజన్ వల్ల గుండె శాశ్వతంగా పాడవుతుందా? గుండెకు బలాన్నిచ్చే మాత్రలేమైనా ఉన్నాయా? మా నాన్నగారు 46 ఏళ్లకే నిద్రలో పోయారు. అందుకే నా టెన్షన్.
- ఒక అక్క

జవాబు: మీరు అడిగింది ఆక్సిజన్ గురించి. నాకు ఆందోళన కలిగించింది మాత్రం మెట్ల సంగతి, చివర్లో మీ నాన్నగారి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. అయినా ముందు అడిగినదానికి చెబుతాను.

ఆరోగ్యంగా ఉన్న 34 ఏళ్ల గుండె కొద్ది నిమిషాలపాటు ఆక్సిజన్ తగ్గినంత మాత్రాన సాధారణంగా శాశ్వతంగా పాడవదు. పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ వాటా ఏమీ మారదు, ఎక్కడైనా దాదాపు 21 శాతమే. పడిపోయేది గాలి ఒత్తిడి. 18,000 అడుగుల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానికి సగం. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ వెళ్లడానికి ఆ ఒత్తిడే ఆధారం కాబట్టి రక్తంలోనూ ఆక్సిజన్ తగ్గుతుంది. మెడలోని కెరోటిడ్ ధమనుల దగ్గర దీన్ని పసిగట్టే కణాలుంటాయి. అవి కబురు పంపగానే ఊపిరి, గుండె రెండూ వేగం పెంచుతాయి. గుండె కండరానికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడే అది తనకొచ్చే రక్తంలోని ఆక్సిజన్‌లో దాదాపు 70 శాతం తీసేసుకుంటుంది. శరీరం మొత్తం సగటు చూస్తే పాతిక శాతమే. అంటే గుండెకు మిగులు పెద్దగా లేదు. ఇంకా కావాలంటే గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు వెడల్పై, ఎక్కువ రక్తం పంపాల్సిందే. ధమనులు శుభ్రంగా ఉంటే ఆ పని సులువుగా జరిగిపోతుంది. లోపల పూడిక ఉంటే జరగదు. కుర్ర గుండెకు, ధమనులు పూడుకున్న గుండెకు తేడా ఎత్తులో బయటపడేది ఇక్కడే. మీ తమ్ముడు సిగరెట్ తాగుతాడో లేదో రాయలేదు. తాగితే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో కొంత భాగాన్ని ముందే పట్టేసుకుని ఉంటుంది. విమానం ఎక్కకముందే అతని రక్తం కొంత ఎత్తులో ఉన్నట్టు లెక్క.

ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కుడివైపు భాగానికి పని పెరుగుతుంది. ఎత్తైన చోట్ల ఏళ్ల తరబడి నివసించే కొందరిలో ఇదే ముదిరి జబ్బు అవుతుంది. మీరు ఎక్కడో చదివి భయపడింది బహుశా ఇదే అయి ఉంటుంది. పైలట్ పరిస్థితి వేరు. అతనికి కాక్‌పిట్ ప్రెజర్ ఉంటుంది, మాస్కు ఉంటుంది, ఏదైనా తేడా వచ్చినా అది కొద్దిసేపటి వ్యవహారం. అయితే ఫైటర్ కాక్‌పిట్‌ను ప్రయాణికుల విమానం కేబిన్‌లా ఊహించుకోకండి. ప్రయాణికుల కేబిన్‌లో ఒత్తిడిని మామూలుగా 8,000 అడుగుల ఎత్తులో ఉండే ఒత్తిడి కంటే తగ్గనివ్వరు. చాలా ఫైటర్లు 40,000 అడుగుల్లో ఉన్నప్పుడు వాటి కాక్‌పిట్‌లో ఒత్తిడి 16,000 అడుగులు దాటిన ఎత్తుకు సమానంగా ఉంటుంది. అక్కడ మాస్కు మీదే అంతా నడుస్తుంది.

నిజానికి ఆక్సిజన్ తగ్గినప్పుడు గుండె కన్నా ముందు తడబడేది మెదడు. మాస్కు లేకుండా 25,000 అడుగుల దగ్గర మనిషి సరిగ్గా ఆలోచించి పని చేయగలిగేది 3 నుంచి 5 నిమిషాలు. 35,000 దగ్గర 30 నుంచి 60 సెకన్లు. 1875లో జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు ఫ్రెంచివారు 8,000 మీటర్లు దాటి వెళ్లారు. వెంట ఆక్సిజన్ తీసుకెళ్లారు కూడా. గొట్టం అందుకోవాలనుకునేసరికి చేతులు మాట వినలేదు. ఒక్కరే బతికి బయటపడ్డారు. పైలట్లను ట్రైనింగ్‌లో కావాలనే తక్కువ ఆక్సిజన్‌కు గురిచేసి, ఎవరి లక్షణాలు వారికి ముందే తెలిసేలా చేసేది ఇందుకే.

గాల్లో వేళ్లు తిమ్మిరెక్కడం ఆక్సిజన్ తగ్గడం వల్ల కావచ్చు. కంగారులో వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోయి కూడా అచ్చం అలాగే అవుతుంది. ఏది జరిగిందో ఉత్తరం చదివి నేను చెప్పలేను, అది పరికరాలు చూడాల్సిన విషయం. 2011లో అమెరికా తన ఎఫ్-22 ఫైటర్ విమానాలన్నిటినీ నెలల తరబడి నేల మీద ఉంచేసింది, కారణం పైలట్లకు ఇలాంటి లక్షణాలే. చివరకు తేలిన వాటిలో ఒకటి, పైలట్లు తొడుక్కునే ప్రెజర్ వెస్ట్ వాల్వ్. అవసరం లేనప్పుడు కూడా వెస్ట్ ఉబ్బి ఛాతీని బిగించేది. కాబట్టి ఆ రోజు వార్నింగ్‌తో పాటు తనకు తెలిసిన లక్షణాలన్నీ మీ తమ్ముడు రిపోర్ట్ చేశాడో లేదో అడగండి. చేయకపోతే అదే మాస్కు, అదే గొట్టం రేపు ఇంకొకరికి వెళ్తుంది.

ఇక అసలు విషయం. విమానం దిగి ఆక్సిజన్ మామూలు స్థాయికి వచ్చాక, అలసట, తలనొప్పి కొన్ని గంటలు ఉండొచ్చు. రోజులు గడిచాక ఇంట్లో కూర్చున్నప్పుడు వచ్చే దడను మాత్రం దాని ఖాతాలో వేయకండి. మెట్లెక్కుతూ కళ్లు తిరగడాన్ని అసలే వేయకండి. శ్రమ చేస్తున్నప్పుడు దడ, కళ్లు తిరగడం, ఇంట్లో ఒకరు 46 ఏళ్లకు నిద్రలో పోవడం - ఈ మూడూ ఒకే కాగితం మీద కనిపిస్తే ఏ కార్డియాలజిస్టూ "మీరు ఇంటికి వెళ్లండి" అనడు. నాన్నగారిది గుండెపోటు కావచ్చు, గుండె కండరం మందమయ్యే జబ్బు కావచ్చు, లాంగ్ క్యూటీ, బ్రుగాడా లాంటి, గుండె లయను నడిపే విద్యుత్ సంకేతాల సమస్య కావచ్చు, గుండెకు సంబంధం లేనిదే కావచ్చు. వీటిలో కొన్ని పిల్లలకు వస్తాయి. ఆయన పాత ఈసీజీలు, ఆస్పత్రి కాగితాలు, పోస్ట్‌మార్టమ్ రిపోర్టు ఏది దొరికినా దాచండి. మాకు అవి చాలా పనికొస్తాయి.

మీ తమ్ముడికి 12 లీడ్ల ఈసీజీ, ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్), కనీసం 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ) తప్పనిసరి. టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ, ఎకో చూశాకే, డాక్టర్ సమక్షంలో. రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం, మెగ్నీషియం చూడాలి. అతని వాచీ ఈసీజీ తీయగలిగేదైతే దడ వచ్చిన క్షణంలో తీసి దాచమనండి. ఇవి పూర్తయ్యేదాకా విమానం వద్దు, జిమ్‌లో బరువులు వద్దు. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, దడతో పాటు ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మందుల షాపు మాత్ర గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను. ఆ మాత్ర పేరు కూడా మీకు తెలియదు, బహుశా అతనికీ తెలియదు. జలుబు మాత్రల్లో చాలావాటిలో ముక్కు దిబ్బడ తగ్గించే మందు ఉంటుంది. సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ అలాంటివి. రక్తనాళాలను బిగించి ముక్కును తెరుస్తాయి. కానీ మింగిన మందు ముక్కు దగ్గరే ఆగదు కదా. బీపీ పెరగొచ్చు. సూడోఎఫెడ్రిన్‌తో కొందరిలో దడ కూడా వస్తుంది. అంటే ఇంట్లో వచ్చే దడకు కారణం ఆ మాత్రే అయినా నేను ఆశ్చర్యపోను. పక్కన ఎనర్జీ డ్రింకులు తాగే అలవాటు ఉంటే మరీను. అదే మాత్రలో కలిసి ఉండే, తుమ్ములు, ముక్కు కారడం తగ్గించే యాంటీహిస్టమిన్ మగత తెస్తుంది, ఎత్తులో మెదడు అసలే తడబడే చోట అది ఇంకో దెబ్బ. ఇంకా ఘోరం, "జలుబు తగ్గట్లేదు" అని షాపువాళ్లు చేతిలో పెట్టే యాంటీబయోటిక్. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని, అంటే ఒక్కో బీట్‌లో గుండె విద్యుత్ సంకేతం ముగిసి మళ్లీ సిద్ధమయ్యేందుకు పట్టే సమయాన్ని, పొడిగిస్తాయి. చాలామందికి ఏమీ కాదు. పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్నవాడికి మాత్రం గుండె లయ ప్రమాదకరంగా తప్పొచ్చు. నాన్నగారు నిద్రలో పోయిన ఇంట్లో ఆ అవకాశం లేదని తేలేదాకా ఒక్క మాత్ర కూడా డాక్టర్‌కు చూపించకుండా వేసుకోకూడదు. జ్వరం వచ్చినా అశ్రద్ధ వద్దు, బ్రుగాడా ఉన్నవారికి జ్వరమే ప్రమాదం తెచ్చిపెడుతుంది. అసలు ముక్కు మూసుకుపోయి ఉండగా ఎగరడమే తప్పు. దిగేటప్పుడు చెవి, సైనస్ దెబ్బతింటాయి. ఇది అతనికి ట్రైనింగ్ మొదటి రోజుల్లోనే చెప్పి ఉంటారు.

గుండెకు బలాన్నిచ్చే మాత్ర అంటూ ఏదీ లేదు. ఆ పేరుతో అమ్మే పొడుల్లో, క్యాప్సూల్స్‌లో ఏం కలుపుతారో సీసా మీద రాసిందే నమ్మలేం. కొనకండి.

ఎగరనివ్వరన్న భయం నాకు అర్థమవుతుంది. ఫైటర్‌లో బలమైన మలుపుల్లో గుండె నిమిషానికి 150 దాటి కొట్టుకోవచ్చు, మధ్యలో కొన్ని అదనపు బీట్లు కూడా వస్తాయి. చాలావరకు అవి నిరపాయమే. ఏవియేషన్ మెడిసిన్ డాక్టర్లకు ఇది కొత్తేమీ కాదు. దడ అనగానే లైసెన్స్ చించేయరు, పరీక్షలు చేసి, చాలామందిని తిరిగి ఎగరనిస్తారు. ఎవరిని, ఎప్పుడు అన్నది వాళ్ల నిబంధనల ప్రకారం వాళ్లే తేల్చాలి, అందులో నేను మాట ఇవ్వలేను. కానీ ఒక్క సీటున్న విమానంలో రెండు క్షణాలు కళ్లు తిరిగితే రెయిలింగ్ ఉండదు. అతను చెప్పనంటే మీరు కూర్చోబెట్టి చెప్పించండి, అక్క మాట వినకపోతే అమ్మతో చెప్పించండి. ఈ వారంలోనే. దాచి వేరే ఊళ్లో ప్రైవేటుగా పరీక్షలు చేయించుకుని, రిపోర్టు బాగుంటే ఊరుకుందామనే ఆలోచన కూడా వద్దు. నా జవాబు ఉత్తరం చదివి ఇచ్చింది మాత్రమే, పరీక్ష చేసి ఇచ్చింది కాదు. చివరి నిర్ణయం అతన్ని చూసిన డాక్టర్లదే.

ఇంకొకటి. మీ వయసు రాయలేదు. మీరూ ఆ నాన్నగారి బిడ్డే కదా. తమ్ముడి రిపోర్టుల కోసం చూడకుండా మీరు కూడా ఒక ఈసీజీ, ఎకో తీయించుకుని, నాన్నగారి విషయం చెప్పి కార్డియాలజిస్టుకు చూపించండి. మీకు పిల్లలుంటే వాళ్లకు పరీక్షలు అవసరమా, ఎప్పుడు అవసరమా అన్నది కూడా అప్పుడే అడగండి.

- కార్డియాలజిస్ట్