ప్రకృతి చిత్రమా, భూదృశ్యమా?

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తాను. ప్రపంచ ప్రసిద్ధ చిత్రాల నకళ్లతో మా బడిలో ప్రదర్శన పెడుతున్నాం. ల్యాండ్‌స్కేప్‌లు ఉన్న గోడకు ‘ప్రకృతి చిత్రాలు’ అని శీర్షిక రాశాను. మా హిందీ ఉపాధ్యాయుడు ‘భూదృశ్యాలు’ అనాలన్నారు. ల్యాండ్ అంటే భూమి, స్కేప్ అంటే దృశ్యం కదా అని ఆయన వాదన. తెలుగు మాస్టారు ‘ప్రకృతి దృశ్యాలు’ చాలన్నారు. ఇంతలో ఒక విద్యార్థి గాలిమర ఉన్న బొమ్మ చూపించి, ‘ఇది మనుషులు కట్టింది కదా, ప్రకృతి ఎలా అవుతుంది?’ అని అడిగాడు. వీటిలో ఏది సరైన మాట? మన పూర్వులు ఇలాంటి బొమ్మలను ఏమనేవారు?
– ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు

సమాధానం: మీ శీర్షికను మార్చనక్కర్లేదు. అయితే ఎందుకు మార్చనక్కర్లేదో చెప్పాలంటే ఆ కళ పుట్టుకలోకి కొంత వెళ్లక తప్పదు. పిల్లవాడి ప్రశ్న అన్నిటికంటే గట్టిది, దానికి అక్కడే జవాబు దొరుకుతుంది.

ముందు హిందీ ఉపాధ్యాయుడి మాట చూద్దాం. ‘స్కేప్ అంటే దృశ్యం’ అన్న అర్థం ఆ మాట పుట్టుకలో లేదు. ఇంగ్లీషువారు ల్యాండ్‌స్కేప్‌ను పదహారో శతాబ్దం చివర డచ్చి భాష నుంచి అరువు తెచ్చుకున్నారు. డచ్చిలో అది ‘లాండ్‌స్ఖాప్’. మొదటి భాగం నేల. రెండో భాగం ఒక ప్రత్యయం, మన ‘పెద్దరికం’లో ‘రికం’, ‘దొరతనం’లో ‘తనం’ లాంటిది. ఫ్రెండ్‌షిప్‌లో ఉన్న ‘షిప్’ దానికి దగ్గరి చుట్టం. మొత్తం మాటకు అర్థం ఒక ప్రాంతం, ఒక నేల పట్టు. అందులో చూపు ప్రసక్తే లేదు. ఆ ప్రాంతాన్ని గీసిన బొమ్మకు చిత్రకారులు అదే పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషులోకి వచ్చింది ఆ బొమ్మ అర్థమే. కంటికి ఎదురుగా ఉన్న నిజమైన కొండనూ పొలాన్నీ ల్యాండ్‌స్కేప్ అనడం ఆ తర్వాత వచ్చిన అలవాటు. అంటే ఆ భాషలో మొదట బొమ్మకు పేరు వచ్చింది, నేలకు తర్వాత అంటుకుంది. ఇంకా తమాషా ఏమిటంటే, కొంతకాలానికి ఇంగ్లీషువారే ఆ ప్రత్యయాన్ని విడగొట్టి, ‘స్కేప్’ అంటే దృశ్యం కాబోలు అన్నట్టుగా సముద్రానికి సీస్కేప్, నగరానికి సిటీస్కేప్ అని కొత్త మాటలు అల్లుకున్నారు. ‘భూదృశ్యం’ ఆ అపార్థానికి సంస్కృతంలో చేసిన అనువాదం.

సమాసంగా దానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రెండూ తత్సమాలే, చక్కగా అతుక్కున్నాయి. చిక్కు అర్థంలో ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1872 నాటి ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ మీ గోడ మీద ఉంటే చూడండి. లె హావ్ర్ రేవులో నీళ్లు, పొగమంచు, ఎర్రటి సూర్యబింబం, రెండు మూడు పడవలు. అందులో భూమి ఎక్కడుంది? భూగోళ పాఠంలో ‘భూదృశ్యం’ అనే మాటకు చోటుంటే ఉండనివ్వండి. బొమ్మల గోడకు అది ఇరుకు.

ఫ్రెంచివారి ‘పెయిజాజ్’కు, ఇటాలియన్ల ‘పయెసాజ్జొ’కు కూడా మూలం ఊరు, ప్రాంతం అనే అర్థాలున్న మాటే. వాటికి అర్థంలో బాగా దగ్గరి తెలుగు మాట ‘సీమ’. కోనసీమ, రాయలసీమ అంటున్నామే, ఆ సీమ. మూలార్థానికి కట్టుబడితే ‘సీమచిత్రం’ అనాలి. కానీ సీమదొర, సీమసున్నం, సీమచింత చూసిన తెలుగువాడు దాన్ని విలాయతీ బొమ్మ అనుకుంటాడు. కాబట్టి ఆ ఆశ వదులుకున్నాను.

మన పూర్వుల సంగతి అడిగారు. వారికి ప్రకృతిని గీయడం తెలుసు. దాన్ని విడిగా ఒక శాఖ అనుకోలేదు. అభిజ్ఞాన శాకుంతలం ఆరో అంకంలో దుష్యంతుడు శకుంతల బొమ్మ గీసుకుని, ఇంకా కొంత మిగిలిందంటాడు. ‘కార్యా సైకతలీనహంసమిథునా స్రోతోవహా మాలినీ’ – ఇసుక తిన్నెల మీద హంసల జంట ఒదిగి కూర్చున్న మాలినీ నది గీయాలి. దానికి ఇరువైపులా లేళ్లు విశ్రమించిన హిమాలయ పాదాలు రావాలి. కొమ్మలకు నారచీరలు వేలాడే చెట్టు ఒకటి ఉండాలి, ఆ చెట్టు కింద కృష్ణమృగం కొమ్ముకు తన ఎడమకన్ను రుద్దుకుంటున్న ఆడలేడి ఉండాలి. ఎంత నిశితమైన చిత్రకారుడి కన్నో చూడండి. కన్ను లాంటి సున్నితమైన చోటును మగలేడి కొమ్ము మొనకు ఆనించగలిగిందంటే ఆ జంతువుకు ఎంత నమ్మకమో! ఇదంతా విని విదూషకుడు, ‘చిత్రఫలకం నిండా పొడుగు గడ్డాల మునులను నింపేస్తాడులా ఉంది’ అని గొణుక్కుంటాడు. నవ్వు కోసం అన్నా, ఆ మాటలో ఒక నిజం ఉంది. రాజుకు మాలినీ తీరం కావలసింది తీరం కోసం కాదు. ఆ ఆశ్రమం వెనుక లేకపోతే ఆమె శకుంతలలా కనిపించదు.

మన ఆలంకారికులు దీన్ని ఒక్క మాటలో తేల్చారు. రసానికి ఆధారమైన నాయికా నాయకులు ఆలంబన విభావం. వెన్నెల, తోట, ఏరు, చల్లగాలి ఉద్దీపన విభావం. మనసులో ఉన్న భావాన్ని ఎగదోయడమే వాటి పని. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కూడా ఋతువులను, రాత్రిని, సంధ్యను ఎలా గీయాలో ఓపికగా చెబుతుంది. అయితే వెన్నెలను విచ్చిన కలువలతో సూచించమంటుంది. నదిని వాహనం మీద పూర్ణకుంభం పట్టుకున్న మనిషి రూపంలో గీయమంటుంది. ఏరు ఏరులా ఉంటే చాలదు, స్త్రీ కావాలి!

నా దృష్టిలో ఈ కళ చరిత్ర అంతా ఈ రెండు పారిభాషిక పదాల మధ్యే ఉంది. ఉద్దీపనగా ఉన్న కొండాకోనా ఆలంబనగా మారిన రోజున ఒక కొత్త చిత్రశాఖ పుట్టింది. ఐరోపాలో ఆ మార్పు మెల్లగా వచ్చింది. ఆంట్వెర్ప్‌లో పటీనిర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1521లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ తన ప్రయాణ దినచర్యలో అతన్ని ‘మంచి ల్యాండ్‌స్కేప్ చిత్రకారుడు’ అని రాసుకున్నాడు. అతని బొమ్మల్లో సాధువు ఉంటాడు, కానీ వెతుక్కోవాలి. సంత్ జెరోమ్ ఒక మూల గుడిసెలాంటి నీడలో కూర్చుని సింహం పాదంలో ముల్లు తీస్తుంటాడు. ఆయన వెనుక కొండలు, లోయలు, దూరాన నీలం తిరిగిన నీళ్లు పలకంతా ఆక్రమిస్తాయి. దాదాపు అదే కాలంలో జర్మనీలో ఆల్ట్‌డోర్ఫర్ ఇంకో అడుగు వేశాడు. అతని కాలివంతెన బొమ్మలో చెక్కవంతెన ఉంది, గోడ ఉంది, చెట్లు ఉన్నాయి. మనిషి లేడు. ఆ వంతెన మీద ఎవరూ రావడం లేదు, ఎవరూ పోవడం లేదు.

ఆ దశాబ్దాల్లోనే విజయనగరంలో కృష్ణరాయల కొలువు నడుస్తోంది. పెద్దన ‘అటజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ’ అని ఎత్తుకున్న పద్యం మీ తెలుగు మాస్టారిని అడిగితే గుక్క తిప్పుకోకుండా చదువుతారు. ఆకాశాన్ని ముద్దాడే శిఖరాలు, మద్దెల మోతలా దొర్లే అలలు, దానికి పురివిప్పి ఆడే నెమళ్లు, చరియల్లో తిరుగుతూ తొండాలతో మద్దిచెట్లను కుదిపే ఆడఏనుగులు. ఇంత పద్యంలో ప్రవరుడికి దక్కింది ‘భూమిసురుఁడు’ అన్న ఒక్క మాట. మిగిలినదంతా కొండ సొత్తు. పటీనిర్ మూలన కూర్చోబెట్టిన జెరోమ్‌కూ ప్రవరుడికీ పెద్ద తేడా లేదు. మన భాషలో ప్రకృతి చిత్రకారులు కుంచె కంటే ముందు గంటం పట్టారని అంటే అతిశయోక్తి కాదు. లాక్షణికులు కూడా మహాకావ్యానికి నగర, సముద్ర, శైల, ఋతు వర్ణనలు ఉండాలని నియమం పెట్టారు. కాబట్టి శాఖ పేరు అడిగితే, కవిత్వంలో మనకున్న పేరు ‘వర్ణన’. చిత్రకళలో దానికి విడిగా పేరు లేదు.

ఐరోపాలో పేరు వచ్చినా పరువు రావడానికి మరి కొన్ని శతాబ్దాలు పట్టింది. 1667లో ఫ్రెంచి చిత్రకళా అకాడెమీ తరఫున ఫెలిబియెన్ చిత్రశాఖలకు మెట్లు కట్టాడు. పళ్లూ పూలూ గీసేవాడి కంటే ప్రకృతిని గీసేవాడు మేలు, వాడి కంటే జంతువులను గీసేవాడు, అందరికంటే మనిషిని గీసేవాడు పైన. అందులోనూ పురాణ, చారిత్రక గాథలది అన్నిటికంటే పై మెట్టు. యువ చిత్రకారులను రోమ్‌కు చదువుకు పంపే ‘రోమ్ బహుమతి’ ప్రకృతి చిత్రాలకు విడిగా 1817లో గానీ దక్కలేదు, అదీ పురాణగాథ కలిసిన ప్రకృతికే. 1824లో ఇంగ్లీషు చిత్రకారుడు కానిస్టబుల్ గీసిన గడ్డిబండి బొమ్మ ‘పారిస్ సలోన్’ అనే చిత్ర ప్రదర్శనలో బంగారు పతకం పొందింది. ఒక పల్లె, ఒక వాగు, ఆ వాగులో బండి, అంతే. 1841లో రంగులకు లోహపు గొట్టాలు వచ్చాక పొలం గట్టునే కూర్చుని గీయడం తేలికైంది. ఆ తర్వాతి కథ మీరు నాకంటే బాగా చెప్పగలరు.

చైనాలో ఈ మెట్లు తలకిందులు. వారి ఉన్నత కళ ప్రకృతి చిత్రణే. అయిదో శతాబ్దంలోనే జోంగ్ బింగ్ అనే ఆయన, వయసు మీదపడి కొండలెక్కలేక, తాను తిరిగిన కొండలను గది గోడలపై గీసుకుని పడుకునే విహరించాడట. 1072 నాటి ‘తొలి వసంతం’ గీసిన గువో షి, కొండకు నీరు రక్తనాళాలు, చెట్టూ చేమా వెంట్రుకలు అన్నాడు. ఆ కళకు వారి పేరు ‘షాన్-షుయ్’. షాన్ అంటే కొండ, షుయ్ అంటే నీరు. సంగతి తేలిపోయింది. మనమూ కొండాకోనా, వాగూవంకా, చెట్టూచేమా అని జంటపదాలతోనే లోకాన్ని చూస్తాం. ఎవరైనా తొలినాడే ‘కొండాకోనల బొమ్మ’ అని వాడుకలో పెట్టి ఉంటే నేను సంతోషంగా ఒప్పుకునేవాణ్ని. ఇప్పుడు కాలాతీతమైంది.

ఇక పిల్లవాడి గాలిమర. నెదర్లాండ్స్‌లో గాలిమరలు పిండి ఆడించడానికే కాదు, పల్లపు నేల నుంచి నీరు తోడడానికి కూడా. బీమ్‌స్టర్ అనే సరస్సును 1612 నాటికి అలా తోడి పొలాలు చేశారు. అక్కడ నేలే మనుషులు కట్టిన వస్తువు, ‘మనిషి చెయ్యి పడని ప్రకృతి’ని గీయమంటే వారికి సముద్రమే మిగిలేది! డచ్చి చిత్రకారుడు హోబ్బెమా 1689లో గీసిన మిడెల్‌హార్నిస్ దారి చూడండి. తిన్నగా పోయే బాట, కింది కొమ్మలు కొట్టేయగా తలలో మాత్రం ఆకులు మిగిలిన పొడుగాటి చెట్లు రెండు వరసల్లో, పక్కన నాటిన మొక్కలకు పని చేస్తున్న తోటమాలి, కుక్కను వెంటబెట్టుకుని నడిచి వస్తున్న మనిషి. ఆకాశం తప్ప అన్నిటినీ మనిషే వరసలో పెట్టాడు. అయినా ఆ శాఖలో అది మేలుబంతి.

‘ప్రకృతి’కి అడవి, కొండ అనే అర్థం కూడా మనకు కొత్తదే. వ్యాకరణంలో ప్రకృతి అంటే మూలరూపం; యాత్ర ప్రకృతి, జాతర వికృతి. వైద్యంలో దేహతత్త్వం. రాజనీతిలో రాజు, మంత్రి, కోశం మొదలైన రాజ్యపు అంగాలు ఏడూ ప్రకృతులే. ఇన్ని అర్థాలు మోస్తున్న మాట గాలిమర బరువుకు కుంగదు. శాఖ పేరు నిర్వచనం కాదని పిల్లవాడికి చెప్పండి. మీ బడిలో బల్లకు ఆకుపచ్చ రంగు వేసినా అది నల్లబల్లే కదా.

తెలుగు మాస్టారి ‘ప్రకృతి దృశ్యం’ తప్పు కాదు, దాని చోటు వేరు. అరకులో కొండమలుపు తిరిగాక కనిపించేది ప్రకృతి దృశ్యం. దాన్ని కాగితం మీదికి ఎక్కిస్తే ప్రకృతి చిత్రం. ఆ విద్య ప్రకృతి చిత్రలేఖనం. ‘ప్రకృతి చిత్రణ’ అనే మాట పని పేరుగా, కవిత్వంలోనైనా చిత్రంలోనైనా వాడుకోవచ్చు, బొమ్మకు పేరుగా కాదు. ‘చిత్రం’ అంటే సినిమా అనుకునే రోజులు కనుక అపార్థం వస్తుందనిపిస్తే ‘ప్రకృతి వర్ణచిత్రాలు’ అనండి. ‘ప్రకృతి బొమ్మలు’ మాత్రం వద్దు. బొమ్మ అన్నప్పుడు మన చెవికి మనిషో పక్షో తట్టుతుంది.

ఇళ్లే ప్రధానమైన బొమ్మలకు చీటీ విడిగా రాసుకోండి. డచ్చి చిత్రకారుడు వెర్మేర్ గీసిన డెల్ఫ్ట్ ఊరి చిత్రానికి ‘డెల్ఫ్ట్ నగర దృశ్యం’ సరిపోతుంది. గోడ శీర్షిక మాత్రం ‘ప్రకృతి చిత్రాలు’గానే ఉంచండి. రెండు మాటల మధ్య ఖాళీ వదలండి. కలిపి రాసినా సమాసమే అయినా, పిల్లలకు విడిగా ఉంటే చదవడం తేలిక.