బుజ్జీ, టోకెన్ ఇచ్చే ముందు ఇది చదువు

బుజ్జీ,

విజయవాడ సింగ్‌నగర్‌లో పాత డాబా చూశావనీ, నీ జీతం మీద లోను తీసుకుని కొంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల తన పేరున ఇల్లు కొనడం ఇదే మొదలు. మీ పెద్దమ్మకి ఆ ముక్క మూడుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఈసీ తీయించు, ఆ ఇంటి మీద అమ్మకాలూ తాకట్లూ ఏమున్నాయో అందులో తెలుస్తుంది. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, లాయరుకి చూపించు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం విడిగా పెట్టుకో. ఇవన్నీ బ్యాంకువాళ్లే చెబుతారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద ఆ వీధుల్లోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. ఆ ఇంటికి కొత్తగా రంగు వేశారంటున్నావు. మెట్ల కిందా, బీరువా వెనకా నీటి మరకలున్నాయేమో చూడు, అక్కడిదాకా ఎవరూ బ్రష్ పెట్టరు. నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఎదురింటావిడని అడుగు. స్లాబు పెచ్చులూడి ఇనుము కనబడితే బాగుచేతకి ఎంతవుతుందో మేస్త్రీ చేత రాయించి, బేరానికి కూర్చున్నప్పుడు ఆ కాగితం ముందు పెట్టు. గజాల లెక్కన స్థలానికి ధర కట్టు. ముప్పై ఏళ్ల కట్టడానికి కొత్తదాని రేటు ఇవ్వకు. నచ్చిందని మొహంలో తెలియనివ్వకు. అది నీ వల్ల కాదులే, చిన్నప్పుడు జీళ్లబండి గంట వింటేనే బయటపడిపోయేదానివి. మీ నాన్నని మాట్లాడనియ్యి.

ఇక నా సంగతి. 1991లో గుడివాడలో పెంకుటిల్లు కొన్నాను. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరు అమ్మకానికి పెట్టారు. లక్షా పదివేలు చెబితే నెల్లాళ్లు తిరిగి తొంభై ఐదుకి దించాను. పదిహేను వేలు మిగిల్చానని కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను. వాళ్లు అంత తేలిగ్గా ఎందుకు దిగారో ఆలోచించలేదు. రెండేళ్లకి ఓ సాయంత్రం గుమ్మం ముందు ఒకావిడ నిలబడి, "ఆ సన్నజాజి మా అమ్మ వేసిందండీ" అంది. వాళ్ల చెల్లెలు. ఇల్లు తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆవిడకీ సమాన వాటా. వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. కోర్టులో తేల్చుకోమన్నారు అందరూ. ఆవిడ ఆ సన్నజాజి పందిరి వంక చూస్తుంటే నాకు మనసొప్పలేదు. ముప్పై వేలిచ్చి ఆవిడ వాటా కూడా రిజిస్టరు చేయించుకున్నాను. అందులో మీ పెద్దమ్మ నాలుగు గాజులున్నాయి. ఇన్నేళ్లలో తను ఒక్క మాట అనలేదు. తిట్టినా బావుండేది.

నీకూ ఆ ఇంటి పెద్దాయన కొడుకులే అమ్ముతున్నారట. చుట్టుపక్కల కన్నా తక్కువకే వస్తోందని సంబరపడుతున్నావట. తిక్కదానా! ఆ పెద్దాయనకి కూతుళ్లున్నారా, ఎక్కడున్నారు? ముందు అది కనుక్కో. ఉంటే వాళ్లూ వచ్చి సంతకం పెట్టాల్సిందే.

ఆదివారం పొద్దున బస్సుకి మన మేస్త్రీని వెంటబెట్టుకుని వస్తున్నా. అందాకా టోకెన్ అంటూ ఫోన్‌లో వెయ్యి రూపాయలు కూడా కొట్టకు. పెద్దమ్మ గోంగూర పచ్చడి కడుతోంది, సీసా కడిగి ఉంచు.

మీ పెదనాన్న