ఏ సువార్తలో ఉందో చూపించు

"క్రైస్తవంలో నోటి మాటగా వచ్చిన సంప్రదాయానికి విలువ ఉందా, లేక బైబిల్లో రాసి ఉన్నదే ప్రమాణమా?" అని అడిగారు. నేను వేదాంతం చదువుకోలేదు. కానీ ఇదే విషయం మీద పద్నాలుగేళ్ల వయసులో పందెం కాసి ఓడిపోయాను కాబట్టి, జవాబు చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

మాది ప్రకాశం జిల్లా, బాప్టిస్టు కుటుంబం. మా నాయనమ్మది వేలిముద్ర. అయినా మిరపకాయల తొడిమలు తీస్తూ ఆదికాండం నుంచి మొదలుపెడితే, బస్తా ఖాళీ అయ్యేలోపు మోషేను ఎర్రసముద్రం దాటించేసేది. ఆమె కథల్లో యేసును చూడాలని జక్కయ్య ఎక్కింది చింతచెట్టు. బైబిల్లో ఉన్నది మేడిచెట్టు. మా ఊరి చెరువు కట్ట మీద చింతచెట్టు ఉండేది కదా, అదీ సంగతి.

ఆ ఏడాది వేసవి సెలవుల బైబిల్ క్విజ్‌లో నాకు ఫస్ట్ ప్రైజు వచ్చింది, ఒక స్టీలు గిన్నె. దాంతో పాటు తలపొగరు కూడా. డిసెంబరులో అమ్మ క్రిస్మస్‌కని అరిసెలు వండి డబ్బాలో పెడితే, నాయనమ్మ సగం తీసుకెళ్లి పక్కింట్లో ఇచ్చేసింది. "ఇంటికొచ్చేవాళ్లకి ఏం పెట్టాలత్తా?" అని అమ్మ సణిగింది.

"పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యమని ప్రభువు చెప్పలా?" అంది నాయనమ్మ.

నేను ఊరుకోవచ్చు కదా. "ఏ సువార్తలో ఉందో చూపించు" అన్నాను.

"నాకేం తెలుసురా అబ్బాయ్, మా అమ్మ చెప్పింది."

"అయితే లేనట్టే."

పందెం కాశాం. ఉంటే నెలరోజులు పంపు దగ్గర నుంచి రోజూ రెండు బిందెలు నేను మోయాలి. లేకపోతే ఆమె వంతు అరిసెలు నావి. యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తలూ, మత్తయి నుంచి యోహాను దాకా, నాలుగు రాత్రులు వేలు పెట్టి చదివాను. "నిన్ను అడుగువానికిమ్ము" దొరికింది. "ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును" దొరికింది. ఈ మాట మాత్రం దొరకలేదు. నాలుగు సువార్తల్లో లేదంటే యేసు అననట్టే కదా! గెలిచానని ఇంట్లో ప్రకటించి ఆమె అరిసెలు తినేశాను.

ఆదివారం కానుకలు పట్టే ముందు పాస్టరు గారు సువార్తల తర్వాత వచ్చే పుస్తకం, అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం, 35వ వచనం తీయమన్నారు. ఎఫెసు సంఘ పెద్దల దగ్గర సెలవు తీసుకుంటూ అపొస్తలుడు పౌలు అంటాడు: "పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము అని ప్రభువైన యేసు చెప్పిన మాటలు జ్ఞాపకము" చేసుకోమని. అవతల ఆడవాళ్ల చాప మీద నుంచి నాయనమ్మ నా వైపు చూసింది. నేను పైన తిరగని ఫ్యాన్ వైపు చూశాను.

దారిలో బిందెల ఊసు ఎత్తలేదామె. "ఆ మాట పౌలు ఎక్కడ చదివాడంట?" అని మాత్రం అడిగింది.

ఎక్కడా చదవలేదు. విన్నాడు. నా జవాబంతా ఇంతే, కానీ చెప్పాల్సింది ఇంకా ఉంది.

యేసు సిలువ సుమారు క్రీ.శ. 30లో. పౌలు సంఘాలకు రాసిన ఉత్తరాల్లో, అంటే పత్రికల్లో, మొదటివి 50 ప్రాంతానివి. మార్కు సువార్త 70 ప్రాంతానిదని ఎక్కువమంది పండితుల మాట. అంటే మొదటి ఇరవై ఏళ్లు ఇప్పుడు మన చేతిలో ఉన్న కొత్త నిబంధనలో ఒక్క పేజీ కూడా లేదు. పాత నిబంధన లేఖనాలు ఉన్నాయి, యేసు గురించి మాత్రం నోటి మాటే. సంఘం చచ్చిపోయిందా? లేదు, పెరిగింది. ఇక కొత్త నిబంధనలో ఈ 27 పుస్తకాలేనని పేర్లు రాసి పెట్టింది అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్, 367లో, ఈస్టర్ ఉత్తరంలో. "రాసి ఉంటేనే నమ్ముతా" అనేవాళ్లు బైబిల్ మొదటి పేజీలోని విషయసూచిక ఏ వచనంలో రాసి ఉందో చూపించాలి. మనకు 66 పుస్తకాలు, కేథలిక్కులకు 73 ఎందుకయ్యాయో కూడా చెప్పాలి.

ఇంకోటి, ఇది నా పాత కోపం. మార్కు 7లో యేసు ఆచారాలు పట్టుకు వేలాడే పరిసయ్యులను తిట్టినచోట మన తెలుగు బైబిల్లో "మనుష్యుల పారంపర్యాచారము" అని ఉంటుంది. 2 థెస్సలొనీక 2:15లో పౌలు "మా నోటిమాటవలననైనను మా పత్రికవలననైనను మీకు బోధింపబడిన విధులను చేపట్టుడి" అంటాడు. గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట, పారడోసిస్, అంటే సంప్రదాయం. తిట్టేటప్పుడు పారంపర్యాచారం, మెచ్చుకునేటప్పుడు విధులు! తెలుగులో చదివేవాడికి సంప్రదాయం అంటే చెడ్డదని తప్ప ఇంకేం తెలుస్తుంది? యూట్యూబ్‌లో "వాక్యం చూపించు" అని ఒకరి మీద ఒకరు అరుచుకునే బోధకులు ఈ సంగతి ఎప్పుడైనా చెప్పారా? చర్చిలో ఫోన్ తీసి వచనం వెతుకుతూ మధ్యలో వాట్సాప్ చూసుకునేవాళ్ల సంగతి ఇక ఎత్తను.

మా ప్రాంతం సంగతే చూడండి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. విశాఖ మిషనరీల తెలుగు సువార్తలు 1812లోనే సెరంపూర్‌లో అచ్చయ్యాయి, నిజమే. కానీ ఆ రోజు నీళ్లలోకి దిగినవాళ్లలో అక్షరం వచ్చినవాళ్లెందరు? ఒంగోలు మిషనరీ క్లౌ దొర, అంతకుముందు నుంచే ఊరూరా తిరిగిన యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు చెబితే విన్నారు. మా తాతల విశ్వాసం చెవిలోంచి వచ్చిందే.

"ఆఖరికి నాయనమ్మను గెలిపించింది పుస్తకమే కదా" అంటాడు మా తమ్ముడు. వాడిది లా పాయింటు. చెవిని నమ్మితే చిక్కులున్నాయి, కాదనను. "నీ ప్రయత్నం నువ్వు చెయ్యి, నేను నీకు సాయం చేస్తాను" అనేది బైబిల్ వాక్యమని మా వీధిలో సగం మంది ఒట్టేసి చెబుతారు. అది బైబిల్లో లేనే లేదు. తూర్పు జ్ఞానులు ముగ్గురని మత్తయి కూడా అనలేదు, ప్రతి క్రిస్మస్ నాటకంలో ముగ్గురే వస్తారు. అలాంటివి పట్టుకోవడానికి పుస్తకం ఉండాలి. అయినా నాయనమ్మ జక్కయ్య విషయంలో చెట్టు తప్పింది గానీ, ఆస్తిలో సగం బీదలకు, మోసం చేసి తీసుకున్నదానికి నాలుగంతలు అన్న లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఏది మారినా ఫర్వాలేదో, ఏది మారకూడదో ఆమెకు తెలుసు. ఫోన్‌లో బైబిల్ పెట్టుకున్న నాకు ఆ లెక్క సగమా, పావా అని ఇప్పటికీ డౌటొస్తుంది.

పోయిన నెల మా అమ్మాయి సండే స్కూల్ క్విజ్ నుంచి మూతి ముడుచుకుని వచ్చింది. జక్కయ్య ఏ చెట్టెక్కాడంటే చింతచెట్టని రాసిందట, ఒక మార్కు పోయింది. "నువ్వే కదా నాన్నా చెప్పావు" అని నిలదీసింది. లూకా 19 తీసి మేడిచెట్టు చూపించాను. "మరి చింతచెట్టని నీకెవరు చెప్పారు?" అంది.