జనగణనకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

2027 ఫిబ్రవరిలో జరిగే జనగణనకు నిన్ను ఇల్లిల్లూ తిరిగి జనాన్ని రాసుకునే ఎన్యూమరేటర్‌గా వేశారని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగా, ఒకపక్క గుబులుగా ఉంది. నేను 1991లోనూ 2001లోనూ తెనాలి దగ్గరి పల్లెలో ఈ పని చేశాను. మేము కాగితాల మీద రాశాము, మీరు ఫోనులో నింపుతారు. అడగవలసిన తీరు మాత్రం మారదు.

శిక్షణ ఒక్క పూట కూడా మానకు. నీకు అప్పగించిన బ్లాకు హద్దులు మొదటి రోజే నడిచి చూసుకో. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవారు ఒక కుటుంబం, ఒకే కప్పు కింద పొయ్యిలు వేరైతే కుటుంబాలు కూడా వేరు.

వయసు దగ్గర ఓపిక పట్టు. మనవాళ్లు నడుస్తున్న ఏడు చెబుతారు, నీకు కావలసింది నిండిన ఏళ్లు. పెద్దవాళ్లు అరవై, డెబ్బై అని ఉజ్జాయింపుగా చెబితే, 1977 దివిసీమ ఉప్పెన నాటికి పెళ్లయిందా, చంకన బిడ్డ ఉందా అని అడిగి లెక్క కట్టు. భర్త పేరు చెప్పని ముసలమ్మను బలవంతపెట్టకు. ఆచారం వద్దన్న పేరును ఏ స్త్రీ చెప్పనక్కరలేదని 1948 నాటి జనగణన చట్టంలోనే రాసి ఉంది. మా నాయనమ్మ బతికున్నన్నాళ్లూ తాతయ్య పేరు పలకలేదు కనుక, ఆ మాట చట్టంలో చదివిన రోజున నాకు కళ్లు చెమర్చాయి.

ఇక నా తప్పు చెబుతాను. మీ నాన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

1991 ఫిబ్రవరిలో ఒక వీధి చివరి ఇంటికి వెళ్తే, ఆ ఇంటి పెద్దావిడ తానూ, భర్తా, కొడుకూ, కోడలూ అని నలుగురి పేర్లు రాయించింది. వెనక గదిలో గాజుల చప్పుడు విని ఎవరని అడిగాను. సంక్రాంతికి ముందే పురిటికి వచ్చిన కూతురట. "అది అత్తారింటి మనిషి కదమ్మా, అక్కడ రాసుకుంటారులే" అంటే నేను తల ఊపి వచ్చేశాను. లెక్క జరిగే ఆ ఇరవై రోజుల్లో ఒక్క రోజైనా తన ఇంట ఉండని మనిషిని ఉన్నచోటనే రాయాలని శిక్షణలో చెప్పారు, నాకు తెలుసు. అత్తారింట లెక్క రాసిన టీచరు నియమం ప్రకారం వదిలేసి ఉంటే, ఇక ఆ పిల్ల ఎక్కడా లేనట్లే.

ఫిబ్రవరి 26న ఆమెకు ఆడపిల్ల పుట్టింది. అప్పట్లో లెక్కకు గడువు మార్చి 1 సూర్యోదయం. అంతకుముందు పుట్టినవారిని చేర్చడానికి, పోయినవారిని తీసేయడానికి మార్చి మొదటి ఐదు రోజుల్లో మళ్లీ ఇల్లిల్లూ తిరగాలి. బడిలో పరీక్షల తొందరలో ఉండి, పురిటి మైల కదా అని కూడా అనుకుని, నేను వీధి గుమ్మం దగ్గరే నిలబడి మార్పులేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవంది ఆ పెద్దావిడ. ఆమె అబద్ధం చెప్పలేదు. పేరైనా పెట్టని బిడ్డ లెక్కలోకి వస్తుందని ఆమె అనుకోలేదు. బారసాలకు పిలిస్తే వెళ్లి, ఊయలలో ఆ ముఖం చూసినప్పుడు నా కాళ్లు వణికాయి. కాగితాలు అప్పటికే పంపేశాము. 84 కోట్ల 60 లక్షల పైచిలుకు జనంలో ఆ తల్లీబిడ్డా లేరు.

ఆ ఏడాది ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 945 మంది అన్నారు, 2001లో 927 అన్నారు. కడుపులోనే చంపేస్తున్నారన్నది నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. అయితే పుట్టి ఊయలలో ఊగుతున్న పిల్లను కూడా లేకుండా చేసింది నా కలం.

ఈ అంకెలను చిన్నవిగా చూడకు. 2013 ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యం ఇవ్వాలో 2011 లెక్కలను బట్టే కట్టారు. 2021లో జరగవలసిన లెక్క జరగనందువల్ల, 2011 తర్వాత పెరిగిన జనానికి ఆ లెక్కలో చోటు లేదు. అసెంబ్లీలో ఎస్సీ, ఎస్టీ స్థానాలు ఎన్నో తేల్చేది కూడా జనాభాయే.

ఈసారి అందరి కులమూ అడుగుతారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశమంతటా జరిగే జనగణనలో ఇదే మొదటిసారి. ఎరిగిన ఊరే కదా అని నీ అంతట నువ్వు నింపకు, వాళ్లు చెప్పినదే రాయి. ఎవరి ఇంట విన్నది ఇంకొకరి ఇంట అనకు. నువ్వు రాసుకున్నది కోర్టులో సాక్ష్యానికి కూడా పనికిరాదని భయపడేవారికి నెమ్మదిగా చెప్పు.

ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించాలి. బస్టాండుకూ గుడి అరుగుల దగ్గరకూ ఒంటరిగా వెళ్లావంటే ఊరుకోను, తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లు.

2001లో ఆ వీధి మళ్లీ నాకే పడింది. ఆ పాప అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. పదో ఏడు నడుస్తోందని ముసలమ్మ అంటే, కాదు, మూడు రోజుల క్రితమే పది నిండాయని చెప్పి దిద్దాను.

మార్చిలో రెండోసారి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర ఆగకు తల్లీ. మైల అంటారు. అయినా లోపలికి వెళ్లి ఊయల చూడు, ఇంటికొచ్చి స్నానం చేస్తే సరిపోతుంది.

ఇట్లు,
మీ అత్తయ్య