లైన్‌బ్యాకర్ ఆడే మా అబ్బాయి రిటైరైన ప్లేయర్ల మాట వినాలా, స్కూల్ కోచ్ మాట వినాలా?

అడిగిన ప్రశ్న ఇది: "మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి టెన్త్ గ్రేడ్, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో లైన్‌బ్యాకర్. ఒకప్పుడు ఆడి రిటైరైన ఇద్దరు ముగ్గురు శనివారాలు వచ్చి పిల్లలకి నేర్పిస్తున్నారు. వాళ్ళు ఒకటి చెప్తే కోచ్ ఇంకొకటి చెప్తున్నారట. అసలు అంత వయసైనవాళ్ళ దగ్గర ఇప్పటి పిల్లలు నేర్చుకునేది ఏముంటుంది?"

చాలా ఉంటుందండీ. నేను ఆడింది హైస్కూల్ వరకే, ఫ్రిస్కోలో, 2017 నుంచి 2019 దాకా మూడు సీజన్లు. ఆరో క్లాసు మధ్యలో ఒంగోలు నుంచి వచ్చినవాణ్ణి, అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్ అనేది ఒకటుందనే తెలీదు. హైస్కూల్‌కి వచ్చేసరికి ఐదడుగుల పది అంగుళాలు, 190 పౌండ్లు, అంటే ఇక్కడి లైన్‌బ్యాకర్లలో చిన్న సైజే, పరుగులో కూడా నాకంటే ఫాస్ట్ అయినవాళ్ళు టీమ్‌లో చాలామంది ఉన్నారు. అయినా చివరి ఏడాది మిడిల్ లైన్‌బ్యాకర్, 'మైక్' అంటారే, ఆ ప్లేస్‌లో మొదటి మ్యాచ్ నుంచి ఆడానంటే దానికి కారణం ఇద్దరు పెద్దవాళ్ళు. పేర్లు రాయను, వాళ్ళకి ఇష్టం ఉండదు. ఒకాయన కాలేజీలో నాలుగేళ్ళు ఆడారు, ఇంకొకాయన ఆ తర్వాత ప్రొఫెషనల్‌గా కూడా కొన్నాళ్ళు ఆడి మోకాలు దెబ్బతిని మానేశారు. ఇద్దరూ అప్పటికే అరవై దాటినవాళ్ళు.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తా. డిఫెన్స్‌లో ముందు వరసలో భారీ మనుషులు వంగి నిలబడతారు కదా, వాళ్ళ వెనక నాలుగైదు గజాల్లో నిలబడేవాడు లైన్‌బ్యాకర్. బాల్ కదిలిన అర సెకనులో వీడు తేల్చుకోవాలి, అవతలివాళ్ళు బాల్ పట్టుకుని పరిగెత్తబోతున్నారా లేక విసరబోతున్నారా అని. పరుగు అనుకుని ముందుకి ఉరికితే వెనక ఖాళీ అయిన చోట బాల్ పడుతుంది, పాస్ అనుకుని వెనక్కి తగ్గితే మధ్యలోంచి దూసుకుపోతారు. నా మొదటి సీజన్ అంతా ఇదే బాధ, ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరేవాడు) చేతుల వైపు చూసేవాణ్ణి, వాడు రన్నింగ్ బ్యాక్‌కి (బాల్ పట్టుకుని పరిగెత్తేవాడికి) ఇచ్చినట్టు నటించి నా తల మీదుగా విసిరేవాడు. కోచ్‌లకి వంద మంది పిల్లలు, నా ఒక్కడి కళ్ళు ఎటు చూస్తున్నాయో కూర్చుని చెప్పే టైం ఎవరికుంటుంది?

ఆ పెద్దాయన (ప్రొఫెషనల్‌గా ఆడినాయన) మమ్మల్ని నలుగురిని శనివారం పొద్దున్నే వాళ్ళింటికి రమ్మనేవారు. నేను మొదటిరోజు క్లీట్స్, గ్లవ్స్ అన్నీ సర్దుకుని వెళ్ళా. వాకిట్లో చక్రాలున్న పెద్ద చెత్త డబ్బాలు ఐదు వరసగా పెట్టి ఉన్నాయి, పక్కింటివి రెండు అడిగి తెచ్చారట. అవే అవతలి టీమ్ ముందు వరస, మధ్యలో సెంటర్, వాడికి అటూ ఇటూ ఇద్దరు గార్డ్‌లు, చివర్లో ఇద్దరు టాకిల్స్. పరిగెత్తడం లేదు, గుద్దుకోవడం లేదు. ఆయన ఆ గార్డ్ డబ్బా పక్కన తన చెయ్యి నేల మీద ఆనించి వంగి చూపించారు, ఆ మోకాలితో అలా వంగడానికే ఆయనకి కష్టం. "నా వేళ్ళ కణుపులు చూడు" అన్నారు. ఒకసారి బరువంతా ముందుకేసి వంగారు, కణుపులు తెల్లగా పాలిపోయాయి. ఇంకోసారి వెనక్కి ఒరిగి వంగారు, చెయ్యి ఊరికే నేలకి తగిలినట్టుంది, కణుపుల రంగు మామూలుగానే ఉంది. తెల్లబడితే నీ మీదికే వస్తున్నాడు, తేలిగ్గా ఆనిస్తే వెనక్కి లేచి పాస్‌కి కాపలా కాస్తాడు లేకపోతే పక్కకి పరిగెడతాడు. బాల్ ఇంకా కదల్లేదు, నీకు సగం జవాబు వచ్చేసింది. తర్వాత బాల్ కదలగానే గార్డ్ హెల్మెట్ పైకి లేచిందా, కిందకుండి ముందుకొచ్చిందా చూడు, క్వార్టర్‌బ్యాక్‌ని చూడకు, నటించడమే వాడి పని, గార్డ్‌కి నటించే తీరిక ఉండదు అని చెప్పారు.

ఇది కణుపులతో అయిపోయే విషయం కాదు, కొంతమంది గార్డ్‌లు కావాలనే ఒకేలా వంగుతారు, గ్లవ్స్ వేసుకుంటే రంగు కనపడదు. కానీ ఆ రోజు నాకు తెలిసింది ఏంటంటే చూడాల్సిన చోటు వేరే ఉంది అని.

తర్వాత వీడియోలు. మా మ్యాచ్ వీడియో టీవీలో పెట్టి బాల్ కదలబోయే ముందు ఆపేసేవారు. ఏం చూశావు చెప్పు అనేవారు. టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి బ్లాక్ చేసేవాడు, పాస్ కూడా పట్టేవాడు) ఎటున్నాడు, రన్నింగ్ బ్యాక్ ఎంత వెనక నిలబడ్డాడు, ఎన్నో డౌన్ (ఎన్నో ప్రయత్నం), ఇంకా ఎన్ని గజాలు కావాలి, ఇవన్నీ చెప్పించేవారు. ఏం జరుగుతుందో నేను చెప్పాక కూడా ప్లే చేసి చూపించేవారు కాదు! వెంటనే తర్వాతది పెట్టేవారు. ఒక గంట అలా నడిచాక మొత్తం ఒకేసారి చూపించేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది మొదట్లో, తర్వాత అర్థమైంది, ఫలితం చూసేస్తే బుర్ర ముందు చూసినదాన్ని మర్చిపోతుంది.

ఈ చూపు ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే మిడిల్ లైన్‌బ్యాకర్ ల్యూక్ కీక్లీ ఆట చూపించండి మీ వాడికి. 2012లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్)లో కరోలినా పాంథర్స్ టీమ్‌కి వచ్చి, 2013లోనే లీగ్ మొత్తంలో బెస్ట్ డిఫెన్సివ్ ప్లేయర్ అయ్యాడు. 2015 థ్యాంక్స్‌గివింగ్ రోజు ఇక్కడే ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్‌తో ఆడుతూ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో వరసగా విసిరిన రెండు పాస్‌లు పట్టేశాడు, ఒకటి టచ్‌డౌన్ కూడా చేశాడు. మేము ఇంట్లో ఏడెనిమిది తెలుగు ఫ్యామిలీలు కలిసి చూస్తున్నాం, అందరూ కౌబాయ్స్ ఫ్యాన్సే కాబట్టి ఇల్లంతా నిశ్శబ్దం, నేనొక్కణ్ణే నోరు తెరుచుకుని చూస్తున్నా, వీడికి ముందే ఎలా తెలిసింది అని. ఆ కీక్లీ వచ్చేనాటికి అదే టీమ్‌లో థామస్ డేవిస్ అనే లైన్‌బ్యాకర్ ఉన్నాడు, ఒకే మోకాలికి మూడుసార్లు ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగి మళ్ళీ మళ్ళీ వచ్చి ఆడిన మనిషి. ఇంకా వెనక్కి వెళ్తే అదే టీమ్‌లో శామ్ మిల్స్. ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ప్లేయర్లని ఎంచుకునే చోట) ఎవ్వరూ తీసుకోలేదు, 1997 సీజన్‌తో ఆట ఆపి అదే టీమ్‌లో కోచ్‌గా ఉండిపోయి డాన్ మోర్గాన్ లాంటి కుర్ర లైన్‌బ్యాకర్లకి నేర్పించాడు. 2003లో క్యాన్సర్ అని తెలిశాక కూడా మానలేదు. ఆయన నోటి నుంచి వచ్చిన 'కీప్ పౌండింగ్' (ఆపకుండా కొడుతూనే ఉండు) అనే మాట ఇవాళ్టికీ ఆ టీమ్ నినాదం. 2005లో పోయారు. పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకునేది ఏముంటుంది అని మీరు అడిగారు కదా, నాకు వెంటనే గుర్తొచ్చింది ఈయనే.

మనవాళ్ళకి దగ్గరగా అనిపించే ఇంకో ఇద్దరి గురించి కూడా చెప్తా. డాట్ న్గుయెన్, వియత్నాం నుంచి వచ్చిన శరణార్థుల బిడ్డ, టెక్సాస్‌లోనే రాక్‌పోర్ట్‌లో పెరిగాడు, ఎ అండ్ ఎం యూనివర్సిటీలో ఆడి 1999లో కౌబాయ్స్‌కి వచ్చాడు, ఐదడుగుల పదకొండు. ఎన్ఎఫ్ఎల్‌లో ఆడిన మొదటి వియత్నమీస్ అమెరికన్. రిటైరయ్యాక ఈయన కూడా కౌబాయ్స్‌లో, ఎ అండ్ ఎంలో లైన్‌బ్యాకర్లకి కోచింగ్ ఇచ్చాడు. ఇంకొకరు బ్రాండన్ చిల్లర్, నాన్న ఇండియన్, ఎన్ఎఫ్ఎల్‌లోనే రామ్స్‌కీ ప్యాకర్స్‌కీ లైన్‌బ్యాకర్‌గా ఆడాడు. మా అమ్మకి చిల్లర్ ఫోటో చూపించాకే "అయితే మనవాళ్ళు కూడా ఆడతారన్నమాట" అని ఫామ్ మీద సంతకం పెట్టింది.

ఇక మీ అసలు బాధ, ఇద్దరూ రెండు రకాలుగా చెప్పడం. నాకూ అయింది. గార్డ్ నటించడు అని పెద్దాయన చెప్పారు కదా, నా జూనియర్ ఇయర్‌లో మా ప్రత్యర్థులు అందరూ ఆర్‌పీవో (రన్-పాస్ ఆప్షన్) ఆడటం మొదలుపెట్టారు. అంటే లైన్ మొత్తం నిజంగానే రన్‌కి బ్లాక్ చేస్తుంది, క్వార్టర్‌బ్యాక్ మాత్రం లైన్‌బ్యాకర్ ముందుకి అడుగేశాడా లేదా చూసి, వేస్తే వాడి వెనక విసిరేస్తాడు. గార్డ్‌ని నమ్మితే అక్కడ మునిగిపోతాం. నేను వెళ్ళి అడిగితే ఆయన దాచలేదు, మా రోజుల్లో ఇది లేదు, దీనికి మీ కోచ్ ఏం చెప్తే అది చెయ్యి, నేనూ నీతో కలిసి చూసి నేర్చుకుంటా అన్నారు. మనిషి మంచి గురువా కాదా అనేది నాకు అక్కడ తెలిసింది. మీ అబ్బాయికి నేర్పే పెద్దవాళ్ళు స్కూల్ కోచ్ మాట కాదనమని చెప్తుంటే మాత్రం కొంచెం ఆలోచించండి. ఏ గ్యాప్ (లైన్‌లో ఖాళీ) ఎవరిది, ఏ జోన్ (పాస్‌కి కాపలా కాసే చోటు) ఎవరిది అనేది పదకొండు మంది కలిసి చేసే పని, ఒక్కడు సొంతంగా మార్చకూడదు. కళ్ళు, అడుగులు, వీడియో చూసే పద్ధతి, ఇవి పెద్దవాళ్ళ దగ్గర ఎంత నేర్చుకున్నా కోచ్‌కి అడ్డం రావు.

టాక్లింగ్ (బాల్ ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. పాతకాలంలో పరిగెత్తేవాడి ఎదురుగా తల అడ్డం పెట్టి కొట్టమని నేర్పేవాళ్ళు. ఇప్పుడు తల వెనక వైపు ఉంచి భుజంతో తొడల దగ్గర తగిలి, చేతులతో బిగించి పట్టుకుని పడేయాలి. 2014లో సియాటిల్ సీహాక్స్ దీని మీద రగ్బీ పద్ధతిలో ఒక వీడియో కూడా విడుదల చేశారు. మా కాలేజీ ప్లేయర్ గారు మొదటిరోజే చెప్పారు, నేను కొట్టినట్టు మీరు కొట్టొద్దు అని. నన్ను రోజూ దింపే మా నాన్న ఓసారి కారు దిగొచ్చి ఇది చూసి, ఇది మన కబడ్డీలో తొడ పట్టే కదరా అన్నారు. నాన్న ఊళ్ళో కబడ్డీ ఆడేవారు. ఆయన్ని చెయ్యమంటే ఆఫీస్ చొక్కాతోనే ఒంగి, తల పక్కకి తీసి, నా తొడ రెండు చేతులతో బిగించి ఎత్తి పడేశారు. కూతకొచ్చినోడి చేతులు మోసం చేస్తాయి, కళ్ళు మోసం చేస్తాయి, నడుము చెయ్యదు అన్నారు, నేను ఇంగ్లీష్‌లో చెప్తే ఆ పెద్దవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని తలూపారు. ఆ తర్వాత నుంచి నాన్న కార్లో కూర్చోలేదు, ప్రతి శనివారం మాతోనే నిలబడేవారు.

ఇప్పుడు చెప్పేది మీరు మీ అబ్బాయితో తప్పకుండా మాట్లాడండి. 2018 సీజన్‌లో ఒక మ్యాచ్‌లో నా తలకి దెబ్బ తగిలింది, పడిపోలేదు, కళ్ళ ముందు కాసేపు తెల్లగా అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు, చెప్తే కూర్చోబెడతారని. మర్నాడు శనివారం, వీడియో చూస్తూ టీవీ వెలుతురు తగ్గించమని రెండుసార్లు అడిగానట, నాకు గుర్తు కూడా లేదు. పెద్దాయన రిమోట్ తీసుకుని టీవీ ఆపేసి, ఏ ప్లేలో తగిలింది అని అడిగారు. నేను ఏం లేదన్నా. ఆయన నాతో వాదించలేదు, మా నాన్నకి ఫోన్ చేశారు. డాక్టర్ కన్‌కషన్ (దెబ్బకి మెదడు అదరడం) అన్నారు, మూడు వారాలు ఆట లేదు. టెక్సాస్‌లో 2011 నుంచి చట్టమే ఉంది, అనుమానం ఉంటే పిల్లాణ్ణి ఆపాలి, డాక్టర్ రాసిచ్చేదాకా తిరిగి ఆడనివ్వకూడదు. కానీ పిల్లాడే దాచేస్తే చట్టం ఏం చేస్తుంది?

నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది, రెండు శనివారాలు వెళ్ళలేదు. మూడోవారం నాన్న బలవంతంగా తీసుకెళ్ళారు. ఆయన చొక్కా జేబులోంచి ఒక చిన్న కార్డు తీసి నా చేతిలో పెట్టారు. అందులో మా నలుగురి పేర్లు, జెర్సీ నంబర్లు, నా పేరు పక్కన దాన్ని ఎలా పలకాలో కూడా విడగొట్టి రాసి ఉంది. ఏడాదిగా ప్రతి శనివారం మేము వచ్చే ముందు అది చదువుకుంటున్నారట. "మీ పేర్లు నాకు నిలబడటం లేదు" అన్నారు. వాళ్ళ రోజుల్లో తల తిరుగుతోందంటే రెండు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగి మళ్ళీ లోపలికి పంపేవాళ్ళట, ఆయన ఎన్నిసార్లు అలా వెళ్ళారో లెక్కలేదట. ఎన్ఎఫ్ఎల్‌లో పేరున్న లైన్‌బ్యాకర్ జూనియర్ సియావు 2012లో చనిపోయాక ఆయన మెదడులో సీటీఈ (తలకి పదే పదే దెబ్బలు తగిలి వచ్చే మెదడు జబ్బు) ఉందని తేలింది కదా, ఆ వార్త వచ్చిన రోజు నుంచి భయంగా ఉందని మామూలు గొంతుతో చెప్పారు. నేను ఆ కార్డు తిరిగిచ్చేశా, ఏం మాట్లాడాలో తెలీలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ ఏ దెబ్బా దాచలేదు. నా ఆఖరి సీజన్ అయిపోయిన కొన్ని వారాలకే, 2020 జనవరిలో, కీక్లీ 28 ఏళ్ళకే రిటైరయ్యాడు, అప్పటికి ఆయనకి మూడు సీజన్లలో కన్‌కషన్లు అయ్యాయి. నాతో ఆడిన పిల్లలు ఎందుకు మానేశాడు అని ఆశ్చర్యపోయారు, నాకు మాత్రం ఆ కార్డే గుర్తొచ్చింది.

కాబట్టి పంపండి. మొదటి రెండు మూడుసార్లు మీరూ వెళ్ళి నిలబడండి, డబ్బులు ఎక్కువ అడిగేవాళ్ళని, స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం అనేవాళ్ళని దూరం పెట్టండి, స్కూల్ కోచ్‌కి తెలిసే జరగనివ్వండి. మీ వాడికి ఒక్కటి చెప్పండి, ఆ పెద్దవాళ్ళని పాత మ్యాచ్ కథలు అడగడం కంటే తన వీడియో ఒకటి ఫోన్‌లో పట్టుకెళ్ళి, బాల్ కదలబోయే ముందు ఆపి, "ఇక్కడ మీరైతే ఏం చూస్తారు?" అని అడగమనండి.