తుంగభద్ర ఒడ్డున 62 లక్షల ఇల్లు: కొనొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. నేను ప్రభుత్వ స్కూల్లో టీచర్‌ని, చేతికి 62 వేలు వస్తుంది. మా ఆయనకు పాత బస్టాండు దగ్గర బైకు విడిభాగాల దుకాణం ఉంది, నెలకు 40 వేల దాకా మిగులుతుంది. పిల్లల్లో ఒకరు టెన్త్, ఒకరు ఏడో తరగతి. ఊరి శివార్లలో, తుంగభద్ర ఒడ్డున ఒక ఇల్లు 62 లక్షలకు వస్తోంది. మిద్దె ఎక్కితే నది మొత్తం కనిపిస్తుంది. బ్యాంకు 49 లక్షలు లోన్ ఇస్తామంటోంది. ఎఫ్‌డీలు 14 లక్షలు, బంగారం 18 తులాలు ఉన్నాయి. పక్క వీధిలో ఇలాంటి ఇల్లే 14 వేలకు అద్దెకు దొరుకుతోంది. కొనమంటారా?

జవాబు: అమ్మా, ఈ ధరకు, ఇంత అప్పుతో ఇప్పుడు కొనొద్దు. మీ ఆశ తప్పు కాదు. సాయంత్రం పూట నది గాలికి మిద్దె మీద కూర్చోవడం ఎంత హాయో కర్నూలు వాడిగా నాకు తెలుసు. నాకు భయం వేసింది మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక్క మాట చూసి: దుకాణం పాత బస్టాండు దగ్గర.

2009 అక్టోబరు 2 మన ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. పైనుంచి తుంగభద్ర, పక్క నుంచి హంద్రీ, కింద శ్రీశైలం వెనక జలాలు, మూడూ ఒకేసారి పోటెత్తాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే అప్పుడు నీళ్లు దాన్ని కూడా దాటాయి. నీళ్లు తీశాక పాతబస్తీలో మా మేనమామ ఇంటికి వెళ్లాను. బురద పట్టి బీరువా తలుపు రాలేదు, గడ్డపార పెట్టి తెరిచాం. ఇంటి దస్తావేజు, ఇన్సూరెన్స్ బాండ్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒకే ముద్ద. మా అత్త ఒక్కో కాగితం మెల్లగా విడదీసి, మిద్దె మీద దండేనికి బట్టల క్లిప్పులతో ఆరేసింది. ఆ ఇంటి గోడకు తర్వాత రెండుసార్లు రంగు వేయించారు. అయినా తల ఎత్తున ఆ బురద గీత మళ్లీ మళ్లీ పైకి తేలేది.

పాత బస్టాండు ప్రాంతం కూడా అప్పుడు మునిగిందే. అంటే మీరు అడుగుతున్న ఇల్లు, మీ దుకాణం రెండూ ఒకే నీటికి ఎదురుగా ఉన్నాయి. ఆ నీళ్లు మళ్లీ వస్తే ఇంట్లో సామాను, దుకాణంలో సరుకు, ఆ నెల గల్లా అన్నీ ఒకే రాత్రి పోతాయి. మిగిలేది మీ జీతం ఒక్కటే. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయిందన్న వార్త వచ్చినప్పుడు నదికి దగ్గరున్న మనవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో మీరూ చూసే ఉంటారు.

ఇక లెక్క చూద్దాం. 49 లక్షల లోన్, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 42,500. ఇల్లు మీ చేతికొచ్చి అప్పు తీరేసరికి మీరు కట్టింది కోటి దాటుతుంది. దుకాణం బాగా నడిచినంత కాలం ఇది మోయగలిగిన బరువే. కానీ రెండు నెలలు షట్టర్ మూతపడితే మీ 62 వేలలో ఈఎంఐ పోగా 19,500 మిగులుతుంది. టెన్త్ చదివే బిడ్డకు వచ్చే ఏడే ఇంటర్ ఫీజు. ఎక్కణ్నుంచి తెస్తారు?

బ్యాంకు ఇస్తానన్న 49 లక్షలు పోను మీరు వేయాల్సింది 13 లక్షలు. రిజిస్ట్రేషన్ దీని మీద అదనం. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అంటే 4 లక్షల 65 వేలు. దీనికి మామూలుగా లోన్ రాదు. మొత్తం పదిహేడున్నర లక్షల పైమాట, మీ ఎఫ్‌డీలు 14. తక్కువ పడినదానికి బంగారం కుదువ పెట్టక తప్పదు. గృహప్రవేశం రోజుకు చేతిలో రూపాయి లేకుండా, నది పక్కన ఉంటారు. పోనీ ట్యాక్స్ కలిసొస్తుందని ఎవరైనా చెప్పారేమో. మొదటి ఏడు వడ్డీయే నాలుగు లక్షలు దాటుతుంది. పాత పన్ను విధానంలో అయితే అందులో 2 లక్షల దాకానే మినహాయింపు, కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి అదీ లేదు.

నేను మీకు చెప్పే హద్దు ఇది: ఈఎంఐ మీ ఒక్కరి జీతంతో, దుకాణం వైపు చూడకుండా కట్టగలగాలి. 30 లక్షల లోన్‌కు నెలకు 26 వేలు. జీతంలో 36 వేలు ఇంటికి మిగులుతాయి. 40 లక్షల లోపు ఇల్లు మెరక మీద, జగన్నాథగట్టు వైపో మరెక్కడో చూస్తే, మీరు వేయాల్సింది 10 లక్షలు, రిజిస్ట్రేషన్ 3 లక్షలు. ఎఫ్‌డీలో లక్ష మిగులుతుంది, బంగారం ముట్టుకోనక్కర్లేదు. ఆ లక్ష చాలదు, అందుకే తొందరపడకుండా ఇంకొన్ని నెలలు కూడబెట్టమంటున్నాను.

ఎక్కడ కొన్నా అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ 'కుడా' అనుమతి ఉన్న లేఅవుటా కాదా అన్నది లాయరుకు చూపించండి. నది హద్దు నుంచి కొంత దూరం దాకా కట్టడాలకు అనుమతి ఉండదు, ఒడ్డు ఇళ్లకు అది కొలిపించి చూసుకోవాలి. ఇంకో పని ఏ లాయరూ చేయలేడు, మీరే చేయాలి. ఆ వీధిలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న అవ్వను ఎవరినైనా పలకరించి, 2009లో నీళ్లు ఎందాకా వచ్చాయో చేత్తో చూపించమనండి.

బీమా గురించి మీరు అడగలేదు కానీ నేను చెప్పకుండా ఉండలేను. 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ వరద నష్టానికీ వర్తిస్తుంది. కట్టడానికి అయ్యే ఖర్చు లెక్కన తీసుకోవాలి, స్థలం విలువ అందులోకి రాదు. భవనానికి 30 లక్షల బీమా రాయిస్తే, సామానుకు అందులో 20 శాతం, అంటే 6 లక్షలు దానంతటదే కలుస్తుంది. లోన్‌తో పాటు బ్యాంకు అంటగట్టే పాలసీ ప్రాణానికా, ఇంటికా అని చదివి చూడండి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇల్లు కొన్నా కొనకపోయినా ఈ నెలలోనే చేయాల్సింది దుకాణం సరుకుకు బీమా. చిన్న వ్యాపారాలకు 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' ఉంది, అందులోనూ వరద ఉంటుంది. మీ ఆయన సరుకు బిల్లులు, స్టాకు పుస్తకం ఫొటోలు తీసి ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో దాచమనండి.

నది మీద మనసు పోయింది కాబట్టి, ఆ పక్క వీధి ఇంటిని 14 వేలకు 11 నెలల అగ్రిమెంటు మీద తీసుకోండి. విలువైన కాగితాలు లాకర్‌లో పెట్టి జూన్‌లో దిగండి. ఆగస్టులో ఎర్ర నీళ్లు ఎంత దగ్గరికి వస్తాయో, ఏప్రిల్‌లో నదిలో నీళ్లకు బదులు ఇసుక, బండలు ఎలా తేలతాయో, దోమలు ఎంత ఉంటాయో అన్నీ కంటితో చూస్తారు. ఈఎంఐకి, అద్దెకు మధ్య తేడా 28,500. దాన్ని జీతం పడ్డ రోజే ఆర్‌డీలో వేస్తే 11 నెలల్లో 3 లక్షలు దాటుతుంది. ఇంటి ఓనర్‌తో ఈ ఆదివారమే మాట్లాడండి, అడ్వాన్స్ రెండు నెలలకు మించి ఒప్పుకోకండి.