బ్యాకప్ కోసం అప్పు చేయకండి, అత్యవసర నిధిని కదపకండి

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మాది విజయనగరం. ఇంటి దగ్గర నుంచే చిన్న దుకాణాలకు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తుంటాను. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇద్దరి ఆదాయం కలిపి నెలకు సుమారు 48,000 రూపాయలు. ఇంటి ఖర్చులు 34,000, చీటీకి 5,000 పోతాయి. బ్యాంకులో 60,000 ఎఫ్‌డీ, సేవింగ్స్ ఖాతాలో 22,000 ఉన్నాయి. గత నెల కరెంటు పోయి వచ్చిన తరువాత మా కంప్యూటర్ హార్డ్‌డిస్కు పనిచేయడం మానేసింది. అందులోని సమాచారం బయటికి తీయడానికి విశాఖపట్నంలో 28,000 అడిగారు. ప్రస్తుతానికి ఎస్ఎస్‌డీ వేయించి పని నడుపుతున్నాను. మళ్లీ ఇలా జరగకుండా రెండు డిస్కుల నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే పెట్టె), కొత్త ల్యాప్‌టాప్, యూపీఎస్, మూడేళ్ల క్లౌడ్ (ఇంటర్నెట్‌లో నిల్వ) చందా కొనాలనుకుంటున్నాను. మొత్తం 95,000 అవుతుంది. ఒక యాప్ 28 శాతం వడ్డీకి 24 నెలల వాయిదాలతో అప్పు ఇస్తానంటోంది. అది తీసుకోవడం మంచిదా, ఎఫ్‌డీ రద్దు చేసుకోవడం మంచిదా?

జవాబు: రెండూ వద్దు. ఈ ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. ఇందులోని పొరపాటు మీ ఒక్కరిది కాదు. ఒక నష్టం జరుగుతుంది, ఆ భయం తగ్గకముందే దానికి సంబంధించిన వస్తువులన్నీ ఒక్కసారిగా, అదీ అప్పు మీద, కొనేస్తారు. ఇంట్లో దొంగలు పడిన వారం లోపే వాయిదాల మీద కెమెరాలు బిగించుకున్న వారినీ, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చీ రాగానే కట్టలేనంత ప్రీమియానికి సంతకం పెట్టిన వారినీ చూస్తూనే ఉన్నాను. భయంతో తీసుకున్న నిర్ణయానికి రెండేళ్ల వాయిదాలు తోడైతే, రెండో ఆపద వచ్చేనాటికి చేతిలో ఏమీ మిగలదు.

ముందు అప్పు లెక్క చూద్దాం. 95,000 రూపాయలకు 28 శాతం వడ్డీతో 24 నెలలంటే వాయిదా సుమారు 5,215 రూపాయలు, మొత్తం కట్టేది 1,25,000 పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ ముందే పట్టుకుంటే మీ చేతికి వచ్చేది 91,600 మాత్రమే, అప్పుడు నిజమైన వడ్డీ రేటు 31 శాతం దాటుతుంది. మీకు నెలకు మిగులుతున్నది 9,000. అందులో సగానికి పైగా రెండేళ్లపాటు ఈ వాయిదాకే పోతుంది. పైగా మీది నెల జీతం కాదు. దుకాణదారు ఫీజు ఒక నెల ఆలస్యం చేస్తే మీరు అతన్ని ఏమీ అనలేరు, యాప్ మాత్రం ఒక్క రోజు కూడా ఆగదు. సంపాదన హెచ్చుతగ్గులుగా ఉండే కుటుంబం ఇంత వడ్డీకి అప్పు తీసుకుని వస్తువులు కొనడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. ఒకవేళ ఈ జవాబు చదివేలోపే అప్పు తీసుకుని ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇటువంటి డిజిటల్ అప్పుల్లో మనసు మార్చుకోవడానికి కనీసం ఒక రోజు గడువు ఇవ్వాలి. ఆ గడువులోపు అసలు, అప్పటివరకు అయిన ఖర్చు చెల్లించి జరిమానా లేకుండా బయటపడవచ్చు. అప్పు షరతులన్నీ రాసి మీకు ఇచ్చిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఆ గడువు ఎంతో చూసుకుని వెంటనే తిరిగి కట్టేయండి.

ఇక 28,000 పెట్టి పాత డిస్కు బాగుచేయించే విషయం. ఇందులో తొందర ఏమీ లేదు. చెడిపోయిన హార్డ్‌డిస్కును మళ్లీ మళ్లీ కంప్యూటర్‌కు తగిలించి ప్రయత్నించడమే దానికి ఎక్కువ హాని చేస్తుంది. తగిలించకుండా పొడిగా ఉన్న చోట భద్రంగా పెడితే ఆరు నెలల తరువాత అయినా అదే రికవరీ చేయించుకోవచ్చు. ఈలోగా అందులో ఉండి మరెక్కడా లేనిది ఏమిటో ఒక కాగితం మీద రాయండి. దాఖలు చేసిన జీఎస్టీ రిటర్నులు జీఎస్టీ పోర్టల్‌లో ఉంటాయి, ఆదాయపు పన్ను రిటర్నులు ఆ శాఖ పోర్టల్‌లో ఉంటాయి, బ్యాంకు స్టేట్‌మెంట్లు బ్యాంకు ఇస్తుంది, కొనుగోలు బిల్లులు దుకాణాల్లో ఉంటాయి. మీరు పంపిన వివరాల్లో నిజంగా తిరిగి రానివి రెండే కనబడ్డాయి: కొన్ని దుకాణాల పాత ట్యాలీ లెక్కలు, మీ పాప అన్నప్రాసన ఫొటోలు. ఫొటోలు ఆ రోజు వచ్చిన బంధువుల ఫోన్లలోనూ, తీసిన స్టూడియోలోనూ ఏమైనా మిగిలాయేమో అడగండి. ఆ తరువాత కూడా 28,000 పెట్టదగ్గ విలువ అందులో ఉందనిపిస్తే, డబ్బు కూడబెట్టుకున్నాకే చేయించండి. సమాచారం రాకపోతే రుసుము తీసుకోబోమని రాతపూర్వకంగా ఇచ్చే చోట మాత్రమే ఇవ్వండి.

ట్యాలీ లెక్కల విలువను మాత్రం నేను తక్కువ చేయడం లేదు. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. బాధ్యత దుకాణదారుదే అయినా, నాలుగేళ్ల తరువాత నోటీసు వచ్చిన రోజు అతను వచ్చేది మీ ఇంటికే. అందువల్ల బ్యాకప్, అంటే సమాచారానికి అదనపు ప్రతి తీసి పెట్టుకోవడం, మీకు జీవనోపాధికి సంబంధించిన విషయం, చేసి తీరవలసినదే. అయితే దానికి 95,000 అక్కరలేదు.

మీరు కొనదలచిన రెండు డిస్కుల నాస్ పెట్టెను దుకాణంలో బ్యాకప్ అని చెప్పి అమ్ముతారు. రెండు డిస్కుల్లో ఒకటి పాడైతే రెండోది పనిచేస్తుందన్న మాట నిజమే. కానీ మీరు పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే అది రెండింటిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. పిడుగు పడినా, దొంగ ఎత్తుకుపోయినా, ఇంట్లోకి నీళ్లు వచ్చినా రెండూ కలిసే పోతాయి. 2017 మేలో వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అటువంటిది కంప్యూటర్‌లోకి వస్తే, దానికి కలిపి ఉన్న డిస్కులను కూడా వదలదు. ఈ రంగంలోని వారు చాలాకాలంగా పాటించే సూత్రం 3-2-1: సమాచారానికి మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల నిల్వ, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా. ఒకే గదిలోని ఒకే పెట్టె ఎంత ఖరీదైనదైనా ఈ షరతును నెరవేర్చలేదు.

మీ సమాచారం ఎంత ఉందో మీరే రాశారు: ట్యాలీ, స్కాన్ చేసిన కాగితాలు కలిపి 13 జీబీ, ఫొటోలు, వీడియోలు 140 జీబీ, మిగిలినదంతా దించుకున్న సినిమాలు. సినిమాలకు బ్యాకప్ అక్కరలేదు. మిగతా వాటికి 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు రెండు సరిపోతాయి. ఒక్కొక్కటి అయిదారు వేలలో దొరుకుతుంది. మొదటిది ఈ నెల మిగులులోంచి, రెండోది వచ్చే నెల మిగులులోంచి కొనండి. క్లౌడ్‌లో పని కాగితాలు మాత్రం పెట్టండి. గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీలోనే జీమెయిల్, ఫొటోలు కూడా లెక్కకు వస్తాయి కనుక అది మీకు చాలదు. నెలకు నూట ముప్పై రూపాయల దరిదాపుల్లో ఉండే 100 జీబీ పథకం చాలు, మూడేళ్లకు ముందే కట్టనవసరం లేదు. ఖాతాదారుల లెక్కలు క్లౌడ్‌కు ఎక్కించే ముందు పాస్‌వర్డుతో తాళం వేయండి. యూపీఎస్ నాలుగో నెలలో తీసుకోండి.

వస్తువుల కంటే అలవాటు ముఖ్యం. వారానికి ఒక రోజు, సోమవారం సాయంత్రమే అనుకోండి, పని ముగించి ట్యాలీలోని బ్యాకప్ ఆప్షన్‌తో ఒక్కో దుకాణం లెక్కలకూ కాపీ తీసి, తేదీ పేరుతో కొత్త ఫోల్డరులో డిస్కు మీద వేయండి. పాత వారం ఫోల్డరును వెంటనే చెరపకండి, ఎందుకంటే పాడైన ఫైలు సంగతి చాలాసార్లు రెండు మూడు వారాల తరువాత గాని బయటపడదు. గూగుల్ డ్రైవ్‌లో చెరిపిన ఫైలు ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది, ఆ తరువాత అడిగినా రాదు. కాపీ అయిన వెంటనే డిస్కును కంప్యూటర్ నుంచి తీసేయండి, ప్లగ్గులో వదిలేయకండి. డిస్కు మీద తెల్ల టేపు అతికించి చివరి బ్యాకప్ తేదీ స్కెచ్ పెన్నుతో రాయండి. రెండో డిస్కును నరసన్నపేటలో ఉన్న మీ బావమరిది ఇంట్లో ఉంచి, నెలకొకసారి రాకపోకల్లో ఒకదాన్నొకటి మార్చుకోండి. మూడు నెలలకొకసారి ఏదో ఒక దుకాణం బ్యాకప్‌ను వేరే ఫోల్డరులోకి రిస్టోర్ చేసి, ముగింపు నిల్వ అసలు లెక్కతో సరిపోతున్నదో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోకూడదు.

ఇక నేను అసలు చెప్పదలచినది మీ చేతిలో ఉన్న 82,000 గురించి. ఎఫ్‌డీ, సేవింగ్స్ కలిపి అదే మీ అత్యవసర నిధి, అది మీ ఇంటి ఖర్చులకు రెండున్నర నెలలకు కూడా రాదు. స్థిరమైన జీతం లేని మీకు కనీసం ఆరు నెలల ఖర్చులు, అంటే 2,04,000, ఉండాలి. కంప్యూటర్‌లోని సమాచారానికి రెండో ప్రతి ఎలాగో, ఆగిపోయిన ఆదాయానికి ఈ నిధి అలాగ. రెండో ప్రతి కొనడానికి ఈ నిధిని ఖర్చు చేయడం సమంజసం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విజయనగరంలోనూ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు పల్లెల్లోనూ రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పలకలేదు, ఏటీఎంలు మూతపడ్డాయి. అటువంటి వారంలో మీ క్లౌడ్ మీకు అందదు, కంప్యూటర్ తెరవలేరు, కాబట్టి సంపాదనా ఆగుతుంది, ఖాతాలో డబ్బు ఉన్నా తీసుకోలేరు. ప్రతి ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో తీరం వైపు చూస్తూ గడిపే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారు ఈ నిధిలోంచి పది పన్నెండు వేలు నగదుగా ఇంట్లోనే ఉంచుకోవాలని నేను ప్రతిసారీ చెబుతాను.

దారి ఇలా ఉంటుంది. మొదటి నాలుగు నెలలు మిగులు 9,000లో 4,000 బ్యాకప్ సామగ్రికి కేటాయించి, 5,000 నిధిలో వేయండి. డిస్కు కొన్న నెలలో కొంచెం అటూ ఇటూ అయితే తరువాతి నెలలో సర్దుకోండి. అయిదో నెల నుంచి 2,500 ల్యాప్‌టాప్ కోసం ఆర్‌డీలో వేస్తే 18 నెలల్లో 45,000 అవుతుంది. మీ కంప్యూటర్ ఇంకా విండోస్ 10 మీదనే ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక కొత్తది కొనవలసిన రోజు రానే వస్తుంది. వస్తుందని ముందే తెలిసిన ఖర్చుకు ముందునుంచీ కూడబెట్టాలి గాని, వచ్చిన రోజున అప్పుకోసం వెతకకూడదు. మిగిలిన 6,500 నిధికే. చీటీలో ఇంకా పదకొండు వాయిదాలు ఉన్నాయని రాశారు. దాన్ని కంప్యూటర్ కోసం తగ్గించి పాడుకోకండి, చివరిదాకా ఉంచి వచ్చిన మొత్తాన్ని నిధిలో వేస్తే ఏడాదిలోపే లక్ష్యం దాటుతారు. అయితే చేతికి వచ్చేదాకా చీటీని అత్యవసర నిధి కింద లెక్కించకండి. అది లేకపోయినా ఇరవై నెలలు దాటవు.

వడ్డీ లేని వాయిదాలన్న ప్రకటనలో రాయితీగా రావలసిన డబ్బే వడ్డీగా మారుతుంది. నిజంగా తప్పనిసరి అయితే ఎఫ్‌డీ మీద అప్పు, ఆ తరువాత బంగారం మీద అప్పు యాప్ కంటే చాలా చౌక. గృహ బీమా తుపానులో పాడైన యంత్రం విలువ ఇస్తుంది గాని అందులోని లెక్కలను తెచ్చివ్వదు. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ప్రస్తావన లేదు. ఆ బీమా లేకపోతే ల్యాప్‌టాప్ ఆర్‌డీని ఆపి ముందు అది తీసుకోండి.

మీకు ఏదైనా అయితే మీ శ్రీమతి గారు ఈ డిస్కులను తెరవగలరా అన్నది కూడా చూడండి. క్లౌడ్ ఖాతా, తాళం వేసిన ఫైళ్ల పాస్‌వర్డులు, విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్ (డిస్కు మొత్తానికి వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఎఫ్‌డీ రసీదు ఉన్న బీరువాలోనే ఉంచి ఆమెకు చూపించండి. ఎఫ్‌డీకీ, సేవింగ్స్ ఖాతాకూ నామినీగా ఆమె పేరు నమోదై ఉందో లేదో ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి సరిచూసుకోండి.